చీటీలో నడక రాశాం, నడిచే దారి ఏది?
బెంజ్ సర్కిల్ రోడ్డు – మన ఆరోగ్యం



మన ఓ.పి.కి వచ్చే షుగరు, బి.పి. పేషెంట్లలో చాలామందికి డాక్టరు గారు మందుల చీటీ చివర ఒక మాట రాస్తారు: "రోజూ అరగంట నడక." మరుసటి నెల వచ్చినప్పుడు "నడుస్తున్నారా అమ్మా?" అని అడిగితే తరచుగా వినపడే జవాబు ఒకటుంది. "ఎక్కడ నడవమంటారండీ? గుమ్మం దిగితే రోడ్డే. అది దాటాలంటే ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవాలి."

దీనిని బద్ధకస్తుల సాకు అని కొట్టిపారేయడానికి వీలులేదు. మందు రాసిన తర్వాత ఆ మందు దొరికే దుకాణం కూడా ఉండాలి కదా. నడక అనే మందు దొరికే చోటు రోడ్డు పక్క ఫుట్‌పాత్. అది లేకపోతే చీటీ చీటీగానే మిగిలిపోతుంది.

అందుకే ఈ నెల ఆరోగ్య పాఠానికి ఒక జబ్బును కాక ఒక కూడలిని తీసుకున్నాము. అదే మనందరికీ తెలిసిన బెంజ్ సర్కిల్. ఇలాంటి రద్దీ రోడ్డును చెట్ల నీడతో, నడిచేవారికి అనువైన కేంద్రంగా మార్చడం అంటే ఏమిటి, అది ఎక్కడ జరిగింది, మన ఆరోగ్యానికి అది ఏ విధంగా మేలు అనే విషయాలు తెలుసుకుందాం.

ఊరి చివరి కూడలి ఊరి మధ్యకు వచ్చింది

చెన్నై నుంచి కోల్‌కతా వెళ్లే జాతీయ రహదారి, హైదరాబాదు నుంచి మచిలీపట్నం వెళ్లే జాతీయ రహదారి కలిసే చోటు బెంజ్ సర్కిల్. పెద్దవాళ్లు ఇప్పటికీ వీటిని 5వ నంబరు, 9వ నంబరు రోడ్లనే అంటారు. 2010లో నంబర్లు మార్చాక అవి 16, 65 అయ్యాయి. మనం బందరు రోడ్డు అని పిలుచుకునే మహాత్మాగాంధీ రోడ్డు ఈ కూడలి గుండానే వెళుతుంది. ఒకప్పుడు ఇక్కడ కాకాని వెంకటరత్నం గారి విగ్రహం ఉండేది. ఆ విగ్రహాన్ని గురుతుగా చెప్పుకుని బస్సు దిగినవారు మనలో చాలామంది ఉన్నారు.

ఆ రోజుల్లో ఊరు ఎక్కువగా కూడలికి పడమర వైపున ఉండేది. తర్వాత పటమట, ఆటోనగర్, కానూరు, పెనమలూరు వైపు ఇళ్లు, కాలేజీలు, ఆసుపత్రులు పెరిగాయి. దానితో ఊరి చివరన ఉన్న కూడలి ఊరి నడిబొడ్డుకు వచ్చింది. కాని రోడ్డు మాత్రం హైవేగానే ఉండిపోయింది. హైవేను వాహనం ఆగకుండా పోవడానికి కడతారు. ఊరి మధ్యలో ఉన్న రోడ్డు మనిషి ఆగడానికి, దాటడానికి, కొనుక్కోవడానికి, కూర్చోవడానికి కూడా పనికి రావాలి. బెంజ్ సర్కిల్ దగ్గర మనం పడే ఇబ్బంది అంతా ఈ రెండు అవసరాల మధ్య ఉన్న పేచీయే.

ఈ పేచీని తగ్గించడానికి పైవంతెనలు కట్టారు. మొదటిది 2020లో, రెండవది 2021 చివరలో వాహనాలకు తెరిచారు. గుంటూరు వైపు నుంచి ఏలూరు వైపు పోయే బండ్లు ఇప్పుడు పైనుంచే వెళ్లిపోతున్నాయి. సిగ్నల్ దగ్గర ఆగే సమయం తగ్గింది. ఇది మేలే. అయితే వంతెన మీద ఎవరూ నడవరు. బస్సు దిగిన అవ్వ, కాలేజీకి పోయే పిల్ల, స్కానింగుకు వచ్చిన గర్భిణి, అరటిపళ్ల బండి తోసుకునే మనిషి అందరూ కిందనే ఉన్నారు. పైన వాహనాల సమస్యకు జవాబు దొరికింది గాని, కింద మనుషుల సమస్య ఇంకా అలాగే ఉంది.

రోడ్డు మన శరీరానికి ఏమి చేస్తుంది?

1. దెబ్బలు: మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతోంది. అందులో 32,825 మంది నడిచి వెళ్తున్నవారు. అంటే రోజుకు సుమారు 90 మంది. వీళ్లకు హెల్మెట్ ఉండదు, సీటు బెల్టు ఉండదు. వీళ్లను కాపాడగలిగేది ఎదుటి బండి వేగం ఒక్కటే. కారు వేగం గంటకు 50 కిలోమీటర్ల నుంచి 65కు పెరిగితే, దాని ముందుభాగం తగిలిన మనిషి చనిపోయే ప్రమాదం నాలుగున్నర రెట్లు పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. డ్రైవరుకు అది కాలుతో కొంచెం ఎక్కువ నొక్కడమే. కాని రోడ్డు దాటేవారికి అది ప్రాణం సంగతి.

2. పొగ, దుమ్ము: వాహనాల పొగలో వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు ఉండే అతి సన్నని కణాలు ఉంటాయి. వీటిని పి.ఎం. 2.5 అంటారు. ఇవి ముక్కులో ఆగవు. ఊపిరితిత్తుల చివరి దాకా పోయి రక్తంలో కూడా కలుస్తాయి. ఉబ్బసం పెరగడానికే కాక గుండెపోటుకు, పక్షవాతానికి కూడా ఇవి కారణమవుతాయి. ఘనపు మీటరు గాలిలో ఏడాది సగటున ఇవి 40 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దానిని 5కు మించవద్దంది. కేంద్ర ప్రభుత్వం 2019లో మొదలుపెట్టిన స్వచ్ఛ వాయు కార్యక్రమంలో, గాలి ప్రమాణాలను అందుకోలేని నగరాల జాబితాలో మన విజయవాడ కూడా ఉంది.

3. ఎండ: మన ఊరిని బ్లేజ్‌వాడ అని సరదాగా అనుకుంటాం. కాని 2015 మే నెల వడగాల్పులకు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యి మందికి పైగా చనిపోయారు. తారు, సిమెంటు పగలంతా వేడిని పీల్చుకుని రాత్రంతా వదులుతాయి. చెట్టు తన నీడతో ఆ వేడిని నేలకు తగలనివ్వదు. ఆకుల నుంచి వచ్చే తేమ గాలిని కొంత చల్లబరుస్తుంది. బి.పి.కి, గుండెకు నీటి మాత్రలు వాడేవారు ఎండలో త్వరగా సొమ్మసిల్లుతారు. వారికి నీడ ఒక అవసరం.

4. మోత: ఆసుపత్రుల చుట్టూ 100 మీటర్ల వరకు నిశ్శబ్ద ప్రాంతం. పగలు 50, రాత్రి 40 డెసిబుల్స్ దాటకూడదని 2000 నాటి నిబంధనలు చెబుతున్నాయి. హారన్ మోత వల్ల నిద్ర చెడుతుంది. నిద్ర చెడితే బి.పి. పెరుగుతుంది.

5. నడక మానుకోవడం: ఇది కంటికి కనపడని నష్టం. రోడ్డుకు భయపడి ఇంట్లో కూర్చున్న మనిషి పేరు ఏ ప్రమాదాల లెక్కలోనూ ఉండదు. కాని షుగరు పెరిగి, మోకాళ్లు బిగిసి, బరువు పెరిగి ఏడాది తర్వాత మన దగ్గరకే వస్తారు. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనం ప్రకారం దేశంలో 10 కోట్లకు పైగా షుగరు వ్యాధిగ్రస్తులు ఉన్నారు. పెద్దవారు వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవడం వంటి శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. బజారుకు, బస్‌స్టాపుకు, ఆరాధనకు నడిచి వెళ్లి వచ్చేవారికి ఇది వేరే ప్రయత్నం లేకుండానే పూర్తవుతుంది.

ఒక చిన్న లెక్క

30 మీటర్ల వెడల్పు ఉన్న రోడ్డును అనుకుందాం. నడిచేవారు సెకనుకు 1.2 మీటర్లు నడుస్తారని ఇంజనీర్లు సాధారణంగా లెక్క వేస్తారు. ఆ లెక్కన రోడ్డు దాటడానికి 25 సెకన్లు చాలు. పచ్చ దీపం 25 సెకన్లు పెడతారు.

ఇప్పుడు మోకాళ్ల నొప్పులున్న 70 ఏళ్ల అమ్మగారిని ఊహించుకోండి. ఆమె సెకనుకు 0.8 మీటర్లు మాత్రమే నడవగలరు. 25 సెకన్లు అయ్యేసరికి ఆమె 20 మీటర్ల దగ్గర ఉంటారు. ఇంకా 10 మీటర్లు ఉండగానే దీపం మారిపోతుంది, బండ్లు కదులుతాయి. ఆమె దాటడానికి 38 సెకన్లు కావాలి. తప్పు ఆమె నడకలో లేదు. లెక్క వేసినప్పుడు ఎవరిని మనసులో పెట్టుకున్నారు అనేదానిలో ఉంది.

దీనికి రెండు పరిష్కారాలున్నాయి. దీపం సమయం పెంచడం ఒకటి. రోడ్డు మధ్యలో ఆగి నిలబడడానికి రక్షణ ఉన్న దిమ్మె కట్టడం రెండవది. దిమ్మె ఉంటే ఆమె ఒకసారి 15 మీటర్లే దాటాలి. 19 సెకన్లలో అక్కడికి చేరి, ఊపిరి తీసుకుని, తర్వాతి దీపానికి మిగతా సగం దాటుతారు.

"పాదచారుల వంతెన కడితే పోలేదా?" అని కొందరు అడుగుతారు. వాహనాల పైనుంచి దాటాలంటే సుమారు 6 మీటర్లు ఎక్కాలి. 15 సెంటీమీటర్ల మెట్టు లెక్కన 40 మెట్లు. ఎక్కిన తర్వాత మళ్లీ 40 మెట్లు దిగాలి. గుండె జబ్బు ఉన్నవారు, నిండు గర్భిణులు, చక్రాల కుర్చీలో ఉన్నవారు ఆ పని చేయలేరు. లిఫ్టు పెట్టినా అది పాడైన రోజున వారు మళ్లీ రోడ్డు మీదకే దిగాలి. కనుక ఊరి మధ్యలో మనిషి నేల మీదనే దాటగలగాలి. ఆగవలసింది బండి.

రోడ్డును మార్చడం అంటే ఏమిటి?

వాహనాలను పూర్తిగా ఆపేయడం అని చాలామంది అపోహ పడతారు. అది కాదు. ఉన్న స్థలాన్ని తిరిగి పంచడం. ముఖ్యమైన పనులు ఇవి:

• ఫుట్‌పాత్: నివాస ప్రాంతాల్లో అడ్డు లేకుండా కనీసం 1.8 మీటర్లు, వ్యాపార ప్రాంతాల్లో 2.5 మీటర్లు వెడల్పు ఉండాలని భారత రోడ్ల కాంగ్రెస్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఎత్తు 15 సెంటీమీటర్లు మించకూడదు. మోకాలెత్తు ఫుట్‌పాత్ కడితే ముసలివారు ఎక్కలేక రోడ్డు మీదే నడుస్తారు.

• చదునైన నేల: షుగరు వల్ల కాళ్లు తిమ్మిరెక్కినవారికి పగిలిన పలక, పైకి లేచిన ఇనుప చువ్వ చాలా ప్రమాదం. గాయమైనా తెలియదు. అది పుండై, చివరకు వేలు తీసేయవలసి వచ్చిన సందర్భాలు వైద్యులందరికీ తెలిసినవే.

• కూడలి మూల: మలుపు విశాలంగా ఉంటే బండి వేగం తగ్గించకుండా తిరుగుతుంది. మూలను కుదిస్తే బండి నెమ్మదిస్తుంది, దాటవలసిన దూరమూ తగ్గుతుంది. ఫ్రీ లెఫ్ట్ ఉన్నచోట నడిచేవారికి పచ్చ దీపం ఉన్నా బండ్లు ఆగవు. అక్కడ వేరే ఏర్పాటు కావాలి.

• చెట్లు: వేప, కానుగ, పొగడ, నిద్రగన్నేరు వంటి నీడనిచ్చే చెట్లు మనకు తెలిసినవే. త్వరగా పెరుగుతాయని చాలా ఊళ్లలో డివైడర్ల మీద నాటిన కోనోకార్పస్‌ను గుజరాత్ ప్రభుత్వం 2023లో నిషేధించింది. దాని పుప్పొడి వల్ల జలుబు, ఉబ్బసం, అలర్జీలు వస్తాయన్నది ఒక కారణం. పచ్చగా కనపడిందల్లా ఆరోగ్యం కాదు. ఏ చెట్టు నాటాలో కూడా ఆలోచించాలి.

• కూర్చునే చోటు, మంచినీరు, మరుగుదొడ్డి: ఆయాసం ఉన్నవారు కొద్ది దూరానికి ఒకసారి కూర్చోవాలి. మూత్రం ఆపుకోలేనివారు మరుగుదొడ్డి లేని చోటికి అసలు బయలుదేరరు.

చెన్నై పాండీబజారు చెప్పే పాఠం

ఇవన్నీ కాగితం మీది మాటలు కావు. మనకు పొరుగునే చెన్నై టి.నగర్‌లో ఇది జరిగింది. మన తెలుగువారు పెళ్లి బట్టలకు, నగలకు వెళ్లే పాండీబజారు రోడ్డు అసలు పేరు త్యాగరాయ రోడ్డు. జస్టిస్ పార్టీ నాయకులు పిట్టి త్యాగరాయ చెట్టి గారి పేరు అది. ఆ రోడ్డు మొదట్లో ఉన్న పనగల్ పార్కు, 1921 నుంచి 1926 వరకు మద్రాసు రాష్ట్ర ప్రధానిగా ఉన్న పానగల్లు రాజా పానగంటి రామరాయణింగారి పేరున ఏర్పడింది. ఇద్దరూ తెలుగువారే.

ఒకప్పుడు ఆ రోడ్డులో నడవడమంటే ఆగిన బండ్ల మధ్య నుంచి దూరడమే. ఉన్న స్థలంలో ఎక్కువ భాగాన్ని నిలిపి ఉంచిన వాహనాలే ఆక్రమించేవి. చెన్నై కార్పొరేషన్ 2014లో నడక, సైకిలు ప్రయాణాలకు ప్రాధాన్యం ఇచ్చే విధానాన్ని ఆమోదించింది. పాండీబజారులో ముందుగా తాత్కాలిక అడ్డుగోడలు పెట్టి కొద్ది రోజులు పరీక్షించారు. జనం ఎలా నడుస్తున్నారో, బండ్లు ఎక్కడ ఇరుక్కుంటున్నాయో చూశారు. ఆ తర్వాతే స్మార్ట్ సిటీ నిధులతో అసలు పని చేశారు. వాహనాలకు దారి ఉంచి, రెండు వైపులా ఫుట్‌పాత్‌లను బాగా వెడల్పు చేశారు. కూర్చునే బల్లలు, దీపాలు, పిల్లలు ఆడుకునే వస్తువులు పెట్టారు. 2019 నవంబరులో దానిని ప్రారంభించారు. బండ్లు నిలపడానికి దగ్గరలోనే అనేక అంతస్తుల పార్కింగు భవనం కట్టారు.

అంతా సవ్యంగానే సాగిందా అంటే, లేదు. ఫుట్‌పాత్ మీదికి స్కూటర్లు ఎక్కుతున్నాయని, నిర్వహణ సరిగా లేదని తర్వాత ఫిర్యాదులు వచ్చాయి. ఇందులో మనకు రెండు పాఠాలు ఉన్నాయి. ముందు తక్కువ ఖర్చుతో పరీక్షించి చూడాలి. కట్టిన తర్వాత రోజూ కాపలా కాయాలి. షుగరు మందు లాగానే ఇది ఒక్క రోజుతో అయిపోయే వైద్యం కాదు.

మన తెలుగు నేల మీద కూడా ప్రయత్నాలు ఉన్నాయి. హైదరాబాదులో చార్మినార్ చుట్టూ వాహనాలు ఆపి రాతిపలకలు పరిచారు. ఆ పని ఏళ్ల తరబడి సాగింది. విశాఖపట్నం ఆర్.కె. బీచ్ రోడ్డులో తెల్లవారుజామున కొంతసేపు వాహనాలను రానివ్వరు. ఆ సమయంలో అక్కడ ముసలివారు, పిల్లలు రోడ్డు నిండా నడుస్తూ కనపడతారు. ఇక దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో ఏకంగా ఒక పైవంతెన రోడ్డునే తీసివేసి, దాని కింద కప్పబడిన వాగును 2005లో తిరిగి బయటకు తెచ్చారు. ఆ వాగు పక్కన వేసవిలో చుట్టుపక్కల వీధుల కంటే కొన్ని డిగ్రీలు చల్లగా ఉంటుంది. మన వంతెనలను తీసేయమని కాదు. ఒకసారి కట్టిన రోడ్డు ఎప్పటికీ అలాగే ఉండాలన్న నియమం ఏమీ లేదని చెప్పడానికే ఈ ఉదాహరణ.

బెంజ్ సర్కిల్‌కు ఏమి చేయవచ్చు?

కొన్ని అవకాశాలు ఇప్పటికే మన చేతిలో ఉన్నాయి. దూరప్రయాణపు బండ్లు పైనుంచి పోతున్నాయి. చిన్న అవుటపల్లి నుంచి గొల్లపూడి మీదుగా కృష్ణానది దాటి కాజ వరకు చేపట్టిన పశ్చిమ బైపాస్ వల్ల లారీలకు ఊరిలోకి రావలసిన అవసరం తగ్గుతుంది. అలా తగ్గిన రద్దీని మళ్లీ బండ్లతోనే నింపుకుంటామా, కొంత స్థలం నడిచేవారికి ఇస్తామా అన్నదే ఇప్పటి ప్రశ్న.

వంతెన కింది నీడను చెత్తకు, పార్కింగుకు వదలకుండా రోడ్డు దాటేవారు ఆగే చోటుగా వాడుకోవచ్చు. అయితే వంతెన కింద పొగ త్వరగా చెదిరిపోదు. కనుక అక్కడ గంటల తరబడి కూర్చునే పార్కు కంటే, ఆగి దాటిపోయే ఏర్పాటే మంచిది. కూర్చునే చోట్లు, చెట్లు బందరు రోడ్డు పక్కన, లోపలి వీధుల మొదట్లో ఉండాలి. దగ్గరలోనే బందరు కాలువ పారుతోంది. కాలువ గట్టు మీద నీడ ఉన్న నడకదారి ఉంటే, పొగకు దూరంగా నడిచే వీలు కలుగుతుంది.

ఇక్కడ తరచుగా వచ్చే సందేహాలు కొన్ని:

"దుకాణాల వ్యాపారం పోదా?" – కారులో పోయేవారు దుకాణాన్ని చూడరు, దాటిపోతారు. నడిచేవారే ఆగుతారు. అయితే పని జరిగే నెలల్లో మాత్రం వ్యాపారులకు నిజంగానే నష్టం ఉంటుంది. అందుకే పనిని ముక్కలు ముక్కలుగా, చెప్పిన గడువులో పూర్తి చేయాలి.

"తోపుడు బండ్లవాళ్ల సంగతేమిటి?" – వారిని తరిమేయడం పరిష్కారం కాదు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం వారికి రక్షణ ఇస్తోంది. నడిచే దారిని వదిలి, వారికి గీత గీసిన చోటు ఇవ్వాలి. సాయంత్రం వేళ వీధిలో వారు ఉంటేనే ఆడపిల్లలకు కూడా ధైర్యం.

"అంబులెన్సు ఎలా వెళుతుంది?" – ఆసుపత్రివారిగా మాకు ఇది అన్నిటికంటే ముఖ్యం. అంబులెన్సును ఆపేది ఫుట్‌పాత్ కాదు, రోడ్డు పక్కన అడ్డదిడ్డంగా నిలిపిన బండ్లు. పార్కింగుకు వేరే చోటు ఇచ్చి దారిని ఖాళీగా ఉంచితే అంబులెన్సు ఇంకా త్వరగా వస్తుంది.

మన వంతు

2025 మే నెలలో సుప్రీంకోర్టు, అడ్డంకులు లేని, దివ్యాంగులు కూడా వాడుకోగల ఫుట్‌పాత్ ప్రజల హక్కు అని, అది రాజ్యాంగం 21వ అధికరణం కిందికి వస్తుందని చెప్పింది. కనుక ఫుట్‌పాత్ అడగడం ఎవరి దయనో కోరడం కాదు. మీ వీధిలో ఫుట్‌పాత్ ఎక్కడ తెగిందో, ఎక్కడ మూత లేని డ్రైను ఉందో, సిగ్నల్ ఎన్ని సెకన్లు ఉందో కాగితం మీద రాసి, పది కుటుంబాలు సంతకాలు చేసి కార్పొరేషన్ వారికి ఇవ్వండి. "రోడ్డు బాగోలేదు" అనే ఫిర్యాదు కంటే, "ఇక్కడ దాటడానికి 38 సెకన్లు కావాలి, 25 మాత్రమే ఇస్తున్నారు" అనే కాగితానికి బలం ఎక్కువ.

ఇంకొక మాట కూడా చెప్పుకోవాలి. ఆదివారం ఉదయం మన ఆరాధన స్థలాల ముందు, ఆసుపత్రి గేటు ముందు ఫుట్‌పాత్ మీద నిలిపిన స్కూటర్లు, కార్లు ఎవరివి? మనవే. ఆ రోజున కర్ర పట్టుకుని నడిచే పెద్దాయన రోడ్డు మీదికి దిగవలసి వచ్చేది మన బండి వల్లనే. కార్పొరేషన్ పని కోసం ఎదురు చూడకుండా ఈ ఆదివారమే మనం మార్చగలిగినది ఇది.

అంతవరకు నడిచేవారికి జాగ్రత్తలు

1. వేసవిలో ఉదయం 8 లోపు, లేదా సాయంత్రం ఎండ తగ్గాక నడవండి. పెద్ద రోడ్డు వదిలి లోపలి వీధుల్లో నడిస్తే పొగ తక్కువ.

2. ఫుట్‌పాత్ లేనిచోట ఎదురుగా వచ్చే బండ్లు కనపడేలా రోడ్డుకు కుడి పక్కన నడవండి. చీకటి వేళ లేత రంగు బట్టలు వేసుకోండి.

3. దీపం మారడానికి కొద్ది సెకన్లే ఉంటే పరుగెత్తవద్దు. తర్వాతి దీపానికి దాటండి.

4. ఇన్సులిన్ గాని షుగరు మాత్రలు గాని వాడేవారు జేబులో చక్కెర బిళ్లలు లేదా నాలుగు చెంచాల పంచదార పొట్లం ఉంచుకోండి. వణుకు, చెమట, కళ్లు తిరగడం ఉంటే ఆగి తినండి.

5. షుగరు ఉన్నవారు చెప్పులు లేకుండా నడవవద్దు. ఇంటికి రాగానే అరికాళ్లు చూసుకోండి. కనపడకపోతే అద్దం పెట్టి చూడండి, లేదా ఇంట్లోవారిని చూడమనండి.

6. ఉబ్బసం ఉన్నవారు ఇన్‌హేలర్ వెంట ఉంచుకోండి. నడుస్తుండగా గుండెలో బరువు, ఎడమ చేతికి గాని దవడకు గాని పాకే నొప్పి, విపరీతమైన ఆయాసం వస్తే అక్కడే ఆగి కూర్చోండి. వెంటనే 108కి ఫోను చేయించండి.

7. శుక్లాలు ఉన్నవారు ఆపరేషను వాయిదా వేయవద్దు. వచ్చే బండి దూరం, వేగం సరిగా తెలియకపోవడానికి అది కూడా ఒక కారణం.

ఒక కూడలి బాగుందో లేదో చెప్పడానికి పెద్ద కొలతలు అక్కరలేదు. ఒక అవ్వ తన మనుమడి చెయ్యి పట్టుకుని, ఎవరి సాయం అడగకుండా, పరుగెత్తకుండా దాటగలిగితే అది మంచి కూడలి. బెంజ్ సర్కిల్ ఆ పరీక్షలో నెగ్గిన రోజున, మన చీటీ చివర రాసే "రోజూ అరగంట నడక" అన్న మాటను పేషెంట్లు నిజంగా పాటించగలుగుతారు.

ఈ వ్యాసాన్ని చదువు రాని మీ ఇంటి పెద్దలకు చదివి వినిపించండి. వారు రోడ్డు దాటేటప్పుడు ఎక్కడ భయపడుతున్నారో అడిగి తెలుసుకోండి.